గ్యాసా, గుండెపోటా? ఎన్ని నిమిషాలు ఆగి చూడొచ్చు?

లబ్‌డబ్

ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది, ఒకేచోట మాట్లాడుకుందాం. ముందు సూటిగా జవాబు. ఊరికే కూర్చుని ఉండగా ఛాతీలో బరువో, బిగుతో, మంటో మొదలై 5 నిమిషాలైనా తగ్గకపోతే ఇక ఆగి చూడొద్దు. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. చెమటలు, ఆయాసం, కళ్లు తిరగడం తోడైతే ఆ 5 నిమిషాలు కూడా వద్దు.

ఇంత తొందర ఎందుకో చెప్తాను. గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమని గోడలో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. దాన్నే ప్లాక్ అంటాం. ఒకరోజు దాని పైపొర చిట్లుతుంది. శరీరానికి అది మామూలు గాయంలాగే కనిపిస్తుంది, వెంటనే అక్కడ రక్తం గడ్డ కట్టిస్తుంది. మోకాలు చీరుకుపోతే ఆ పని మంచిదే, 3 మిల్లీమీటర్ల గొట్టంలో జరిగితే మాత్రం దారి మూసుకుపోతుంది. పూర్తిగా మూసుకున్న 20 నిమిషాలకి అటూ ఇటూగా కండరం చావడం మొదలవుతుంది. ముందు లోపలి పొర, తర్వాత గంట గంటకీ బయటి వైపుకి. చచ్చిన కండరం మళ్లీ పుట్టదు, మచ్చగా మిగులుతుంది. మొదటి గంటలో దారి తెరిస్తే దక్కే గుండె వేరు, ఆరో గంటలో తెరిస్తే దక్కే గుండె వేరు.

ఈసీజీ_పట్టీ

చాలామందిని ముంచుతున్నది 'నొప్పి' అన్న మాటే. "నొప్పి ఉందా?" అని అడిగితే "అబ్బే, నొప్పేం లేదండీ, పట్టేసినట్టుంది అంతే" అంటారు. ఆ పట్టేయడమే మనం వెతికేది. రాయి పెట్టినట్టు, బెల్టు బిగించినట్టు, లోపల మంట పెట్టినట్టు, గొంతు దగ్గర ఏదో అడ్డం పడ్డట్టు, ఇలా రకరకాలుగా చెప్తారు.

చేతిని గమనించండి. గుండె తాలూకు ఇబ్బంది అయితే ఎక్కువమంది అరచేయి మొత్తం గానీ పిడికిలి గానీ రొమ్ము మధ్యలో పెట్టి చూపిస్తారు. ఒక్క వేలితో "ఇదిగో ఇక్కడ" అని చోటు చూపించగలిగితే, అక్కడ నొక్కినప్పుడు పెరిగితే, ఊపిరి పీల్చినప్పుడే పొడిస్తే కండరమో పక్కటెముకో అయ్యే అవకాశం ఎక్కువ. ఎక్కువ అన్నాను, ఖాయం అనలేదు.

ఎడమ చెయ్యి లాగాలన్న నియమం లేదు. నిజానికి ఎడమ చెయ్యి ఒక్కదానికే పాకే నొప్పి కంటే కుడి భుజానికో రెండు చేతులకో పాకే నొప్పి ఇంకా బలమైన సూచన. దవడ, మెడ, రెండు రెక్కల మధ్య వీపు, పొట్ట పైభాగం, వీటిలో ఏదో ఒక్కచోటే ఉండి ఛాతీలో ఏమీ తెలియకపోవచ్చు కూడా.

నిదానం

గ్యాస్ మందు తాగితే తగ్గిందంటే గ్యాసే కదండీ? తేన్పు వచ్చాక తేలికైతే?

ఈసీజీ_పట్టీ

కాదండీ, ఆ పరీక్ష పనికిరాదు. గుండె కింది గోడకి రక్తం ఆగితే వికారం, వాంతి, తేన్పులు, ఒక్కోసారి వెక్కిళ్లు కూడా వస్తాయి. ఆ గోడ కూర్చున్నది డయాఫ్రమ్ మీద, దాని కిందే పొట్ట. ఇక తగ్గడం సంగతి. ధమనిలో గడ్డ కాసేపు కరిగి మళ్లీ కట్టొచ్చు, దాంతో నొప్పి వస్తూ పోతూ ఉంటుంది. సరిగ్గా ఆ తగ్గిన పది నిమిషాల ముందే గ్యాస్ మందు తాగి ఉంటే పేరు దానికి వస్తుంది.

తిన్నాక పడుకుంటే పెరిగి లేచి కూర్చుంటే తగ్గేది, నెలల తరబడి ఒకే తీరుగా వచ్చేది ఆమ్లం వల్ల కావచ్చు. నడిస్తే వచ్చి, ఆగితే 5 నుంచి 10 నిమిషాల్లో పోయేది మాత్రం ఎన్నాళ్ల నుంచి ఉన్నా గ్యాస్ కాదనే అనుకుని చూపించుకోవాలి. అది యాంజైనా. పాత యాంజైనా ఈమధ్య తక్కువ నడకకే వస్తున్నా, కూర్చున్నప్పుడు కూడా వస్తున్నా గుండెపోటు గుమ్మంలో ఉన్నట్టే.

వేకువ

షుగర్ ఉన్నవాళ్ల గురించి, ఆడవాళ్ల గురించి విడిగా రాయాలి. ఇక్కడే ఎక్కువ ఆలస్యమవుతోంది.

ఆడవాళ్లలోనూ అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లక్షణం ఛాతీ ఇబ్బందే. అయితే దానితోపాటు ఆయాసం, వికారం, వీపు నొప్పి, దవడ నొప్పి, కారణం లేని నీరసం మగవాళ్లలో కంటే ఎక్కువ. ఆ పక్క లక్షణాలే ముందు చెప్తారు, వినేవాళ్లు కూడా అవే వింటారు.

షుగర్ చాలా ఏళ్లుగా ఉంటే గుండె నుంచి కబురు మోసే నరాలు దెబ్బతిని ఉంటాయి. అలాంటివాళ్లలో గుండెపోటు ఒట్టి ఆయాసంగా, ఒళ్లంతా చల్లని చెమటగా, ఉన్నట్టుండి వచ్చిన నిస్సత్తువగా రావచ్చు. చెమట పట్టగానే షుగర్ పడిపోయిందేమో అనిపిస్తుంది, అది సబబే. గ్లూకోమీటర్ చేతికందేలా ఉంటే వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువ ఉంటే తీపి ఇచ్చి 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. బాగానే ఉందంటే, లేదా కారణం లేకుండా ఒక్కసారిగా బాగా పెరిగి ఉందంటే, చెమటకి కారణం గుండె కావచ్చని పట్టుకోండి. ముసలివాళ్లలో కొత్తగా మతి తప్పినట్టు మాట్లాడటం, సొమ్మసిల్లడం కూడా ఇలా తేలుతుంటాయి.

సైరన్

ఫోన్ చేశాక వాహనం వచ్చేలోపు ఏం చెయ్యాలో రాస్తున్నాను.

మనిషిని నడిపించకండి, మెట్లు ఎక్కించకండి, దించకండి. వీపుకి ఆనుడు పెట్టి, మోకాళ్లు కాస్త మడిచి కూర్చోబెట్టండి. కళ్లు తిరుగుతున్నాయంటే పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టొచ్చు. తిండి, పానీయాలు వద్దు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి లైన్‌లోనే ఉండండి. తలుపు గడియ తీసి, బయట లైటు వేసి ఉంచండి. లక్షణం మొదలైన టైము ఒక కాగితం మీద రాయండి. ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి, చికిత్స ఏది పనికొస్తుందన్నది దాన్నిబట్టే ఉంటుంది. రోజూ వేసుకునే మందుల చీటీ కూడా చేతిలో పెట్టుకోండి.

తనే బండి నడుపుకుంటూ వెళ్లడం మాత్రం అస్సలు వద్దు. గుండెపోటులో మొదటి గంటలో పోయే ప్రాణాలు ఎక్కువగా కండరం చచ్చి పోయేవి కావు, లయ తప్పి పోయేవి. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ వస్తే గుండె కొట్టుకోవడం మానేసి వణుకుతుంది, కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది. అంబులెన్స్‌లో గుండెకి షాకిచ్చి లయ సరిచేసే డీఫిబ్రిలేటర్ ఉండే అవకాశం ఉంది, స్టీరింగ్ ముందు ఉండదు. ఇంకెవరో కారులో తీసుకెళ్లడం అంబులెన్స్ అసలు దొరకనప్పుడు మాత్రమే, అప్పుడు కూడా నడిపే మనిషి కాక పక్కన ఇంకొకరు ఉండాలి.

ఆస్పిరిన్ ఇంట్లో ఉంటే 300 మిల్లీగ్రాములు, 75వి ఉంటే 4 మాత్రలు, నమిలి మింగించాలి. దాని కోసం షాపుకి పరుగెత్తి ఫోన్ చెయ్యడం ఆలస్యం చెయ్యకండి. ముందు ఫోన్, తర్వాతే మాత్ర.

మాత్రలబల్ల

సైరన్ గారికి తోడుగా, నమలడం ఎందుకో చెప్తాను. ఆస్పిరిన్ పని రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూడటం. నమిలితే ఆ పని చాలా త్వరగా మొదలవుతుంది. కడుపులో మంట పుట్టకుండా కోటింగ్ వేసిన మాత్రని అలాగే మింగితే ఆ కోటింగ్ పేగుల దాకా వెళ్లి కరగాలి, గంటలు పోతాయి. కోటింగ్ ఉన్నది తప్ప ఇంకేదీ లేకపోతే దాన్నే బాగా పొడి అయ్యేదాకా నమిలించండి.

ఇవ్వకూడని సందర్భాలు కూడా తెలిసి ఉండాలి. ఆస్పిరిన్ పడనివాళ్లు, దాంతో ఉబ్బసం వచ్చేవాళ్లు, కడుపులోనో మరోచోటో ఇప్పుడు రక్తస్రావం ఉన్నవాళ్లు. మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, ఒకవైపు చెయ్యి లేవకపోవడం కనిపిస్తే అది పక్షవాతం కావచ్చు, రక్తనాళం పగిలి వచ్చినదైతే ఆస్పిరిన్ కీడే చేస్తుంది. మొదటి క్షణంలోనే భరించలేనంతగా వచ్చి, చీల్చుకుంటూ వీపులోకి దిగే నొప్పి బృహద్ధమని గోడ చీలినప్పుడు వస్తుంది, అక్కడా వద్దు. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో ఏదీ వెయ్యకూడదు.

నిదానం

మరి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్? అది కూడా జేబులో ఉంచుకోమని మెసేజులు తిరుగుతుంటాయి.

మాత్రలబల్ల

డాక్టరు మీకని రాసిచ్చి ఉంటే సరే. లేకపోతే వద్దు. రక్తనాళాలు సాగి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. పై అంకె అప్పటికే 90 కంటే తక్కువ ఉన్న మనిషికి ఇస్తే ఉన్న కాస్త రక్తం కూడా గుండెకి అందదు. అంగస్తంభన కోసం వాడే వయాగ్రా రకం మాత్రలున్నాయి కదా, వాటిలో సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు కాని మనిషికి, టాడలాఫిల్ అయితే 48 గంటలు కాని మనిషికి ఇది ప్రాణాంతకం. ఆ మాత్ర వేసుకున్న సంగతి నలుగురి ముందు ఎవరూ చెప్పరు కాబట్టి పక్కకి తీసుకెళ్లి అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇచ్చి తీరాల్సినవాళ్లకైతే కూర్చోబెట్టే ఇవ్వాలి, నిలబడి ఉండగా కాదు. దానికి నొప్పి తగ్గినంత మాత్రాన గుండెనొప్పే అనీ, తగ్గనంత మాత్రాన కాదనీ అనుకోకూడదు. అన్నవాహిక పట్టేసిన నొప్పి కూడా దీనికి తగ్గుతుంది.

లబ్‌డబ్

ఇక్కడ కొంచెం విభేదిస్తాను. పాత గుండె రోగుల చేతిలో ఉన్నదాన్ని కూడా జనం భయపడి మానేస్తారేమో. వాళ్లకి రాసినది వాళ్లు వాడుకోవాలి. ఒక డోసు పెట్టుకుని 5 నిమిషాల్లో తగ్గకపోయినా, ఇంకా పెరిగినా వెంటనే ఫోన్. మూడు డోసులూ అయ్యాకే ఫోన్ చెయ్యాలన్నది పాత పద్ధతి.

మాత్రలబల్ల

ఒప్పుకుంటాను. నా గొడవ పక్కింటివాళ్ల సీసాలోంచి తీసి పెట్టడం మీదే.

ఈసీజీ_పట్టీ

ఆసుపత్రికి చేరాక సంగతి. గుమ్మంలో అడుగుపెట్టిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి, చదవగలిగినవాళ్లు చూసి ఉండాలి. వరస నంబరు వచ్చేదాకా కూర్చోకండి, కౌంటర్ దగ్గర "ఛాతీలో పట్టేసింది" అన్న మాట గట్టిగా అనండి.

"ఈసీజీ నార్మల్, ఇంటికి వెళ్లొచ్చు" అన్న మాట దగ్గర జాగ్రత్త. మొదటి ఈసీజీలో ఏమీ కనపడకపోవడం మామూలే. ఇబ్బంది ఇంకా ఉంటే 15 నుంచి 30 నిమిషాలకొకసారి మొదటి గంటంతా మళ్లీ మళ్లీ తీస్తారు. మామూలు ఈసీజీలోని 12 లీడ్లు, అంటే గుండెని ఒక్కో వైపు నుంచి చూసే గీతలు, గుండె వెనక గోడని నేరుగా చూడవు, దానికి వీపు మీద వీ7, వీ8, వీ9 పెట్టాలి. కింది గోడ మార్పులు, అంటే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ (గీతలో ఒక భాగం) మామూలు కంటే పైకి లేచి ఉంటే, కుడివైపు వీ4ఆర్ కూడా తియ్యాలి. కుడి జఠరికకి, అంటే గుండె కుడివైపు కింది గదికి, దెబ్బ తగిలి ఉంటే మాత్రలబల్ల గారు పైన చెప్పిన సార్బిట్రేట్‌తో బీపీ కుప్పకూలుతుంది.

ట్రోపోనిన్ కూడా అంతే. కండరం చచ్చాక రక్తంలోకి కారే ప్రోటీన్ అది, పాత పద్ధతి పరీక్షలో పెరుగుదల కనపడటానికి 3 నుంచి 6 గంటలు పడుతుంది. కొద్దిపాటి ట్రోపోనిన్‌ని కూడా పట్టే హై సెన్సిటివిటీ పరీక్ష అయినా ఇబ్బంది మొదలైన అరగంటకే తీస్తే చల్లగా నెగెటివ్ చూపిస్తుంది. అందుకే 1 గంట నుంచి 3 గంటల తేడాతో రెండోసారి తీస్తారు, రెండింటి మధ్య తేడా ముఖ్యం. కిడ్నీ జబ్బులో ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది, ఎక్కకుండా దిగకుండా అలాగే ఉంటే కొత్త గుండెపోటు కాదు.

ఎస్‌టీ లేచిందంటే మాత్రం ట్రోపోనిన్ రిపోర్టు కోసం ఆగరు.

సైరన్

అవును. అప్పుడు మిగిలే ప్రశ్న దారి ఎలా తెరవాలన్నదే. 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ (ధమనిలోకి సన్నని గొట్టం పంపి బెలూన్‌తో, స్టెంట్ అనే జాలీ గొట్టంతో దారి తెరవడం) జరిగేలా ఉంటే అదే మేలు. చేరలేకపోతే ఉన్నచోటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత పెద్ద ఆసుపత్రికి పంపాలి. గడ్డ కరిగించే మందుల్లో ఒకటైన టెనెక్టెప్లేస్ బరువును బట్టి ఒకే ఇంజెక్షన్‌గా ఇస్తారు, 75 ఏళ్లు దాటితే సగం డోసు. మెదడులో రక్తస్రావం ముప్పు ఉంది కాబట్టి పాత పక్షవాతం, ఈమధ్య ఆపరేషన్, తలకి దెబ్బ వివరాలు దాచకూడదు. ఈ ఇంజెక్షన్ మొదటి 2, 3 గంటల్లో బాగా పనిచేస్తుంది, 12 గంటలు దాటితే ఇవ్వరు.

కొత్తమెంబర్

గుండెపోటు, కార్డియాక్ అరెస్ట్ ఒకటేనా? గట్టిగా దగ్గితే ఆగిన గుండె మళ్లీ కొట్టుకుంటుందని ఒక వీడియో చూశాను.

సైరన్

ఒకటి కాదు. గుండెపోటు గొట్టం సమస్య, మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. అరెస్ట్ అంటే గుండె ఆగడం, స్పృహ ఉండదు. మొదటిది రెండోదానికి దారితియ్యొచ్చు. దగ్గు వీడియో నమ్మకండి. గుండె ఆగినవాడు దగ్గలేడు, దగ్గగలిగినవాడి గుండె ఆగలేదు. దగ్గుతూ కూర్చుంటే పోయేది ఫోన్ చెయ్యాల్సిన సమయం.

పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కడం, మొదలుపెట్టండి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో నోరు తెరిచి అప్పుడొకటి ఇప్పుడొకటిగా ఎగఊపిరి, గురక లాంటి శబ్దం వస్తుంది. "ఊపిరి ఆడుతోంది" అని ఆగిపోతారు. అది ఊపిరి కాదు.

నేల మీదో గట్టి చోటో పడుకోబెట్టండి, పరుపు మీద చేస్తే పరుపే దిగుతుంది. రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ, దాని మీద రెండోది. మోచేతులు వంచకుండా, భుజాలు నిటారుగా పైన ఉంచి, 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి, 6 దాటొద్దు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతి నొక్కు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి రానివ్వండి. అలిసినవాళ్లు తెలియకుండానే చేతుల బరువు ఆనించి ఉంచుతారు, అప్పుడు గుండెలోకి రక్తం నిండదు. అందుకే 2 నిమిషాలకొకసారి మనిషి మారాలి. పక్కటెముక విరిగిన చప్పుడు వచ్చినా ఆపకండి. ఏఈడీ (ఎవరైనా వాడగలిగే షాక్ మిషన్) దొరికితే ఛాతీ తడి తుడిచి, ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, ఇంకోటి ఎడమ చంక కింద పక్కకి అంటించండి. మిగతాది అదే మాట్లాడి చెప్తుంది.

వేకువ

వచ్చాక సంగతి చాలా అయింది, రాకుండా చూసుకోవడం కూడా కాస్త మాట్లాడుకుందాం. 52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, మొదటి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి లెక్క చెప్పినవి 9 మామూలు విషయాలే: రక్తంలో కొవ్వులు, పొగ, షుగర్, బీపీ, బొజ్జ, మానసిక ఒత్తిడి లాంటివి. అంతుచిక్కని కారణాలు కావు.

పొగ విషయంలో 'తగ్గించాను' అనడం లెక్కలోకి రాదు. రోజుకి ఒక్క సిగరెట్ కాల్చినా, 20 కాల్చేవారికి పెరిగే గుండె ముప్పులో దాదాపు సగం వస్తుంది. ప్లేట్‌లెట్లని జిగురెక్కించడానికి కొంచెం పొగ చాలు. ఊపిరితిత్తుల క్యాన్సర్ లెక్క వేరు, గుండె లెక్క వేరు. మంచి కబురు ఏమిటంటే పూర్తిగా మానేస్తే ఏడాదిలోనే పెరిగిన ముప్పు సగానికి దిగుతుంది.

వంశంలో ఉందా అని అడిగినప్పుడు తాతగారి సంగతి కాదు. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు వచ్చిందా అన్నది ముఖ్యం. వచ్చి ఉంటే లైపోప్రోటీన్ (ఎ), అంటే రక్తంలో వంశంతో వచ్చే ఒక రకం కొవ్వు కణం, జీవితంలో ఒక్కసారి చూపించుకోండి, డెసీలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ. దాన్ని తిండితో దించలేం, మిగతావి ఇంకా గట్టిగా అదుపులో పెట్టుకోవాలని తెలుస్తుంది.

కొత్తమెంబర్

ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుందన్న నెలకే గుండెపోటు వచ్చిందని వింటుంటాం. అది తప్పు రిపోర్టా?

లబ్‌డబ్

రిపోర్టు తప్పు కాకపోవచ్చు. పరుగులో గుండెకి రక్తం చాలకపోతేనే ట్రెడ్‌మిల్ పట్టుకుంటుంది, అంటే దారి సుమారు 70 శాతం మూసుకుని ఉండాలి. గుండెపోట్లలో ఎక్కువ భాగం అంతకంటే తక్కువ అడ్డం ఉన్న, పైపొర పల్చగా ఉన్న ప్లాక్ చిట్లడం వల్ల వచ్చేవే. 40 శాతం అడ్డం నడకలో ఏ ఇబ్బందీ పెట్టదు, చిట్లితే 10 నిమిషాల్లో 100 శాతం అవుతుంది.

నిలకడగా ఉన్న రోగిలో స్టెంట్ వేసినంత మాత్రాన తర్వాతి గుండెపోట్లు తగ్గకపోవడానికి కారణం కూడా ఇదే. 2007లో కరేజ్, 2020లో ఇస్కీమియా అధ్యయనాలు అదే చూపించాయి. స్టెంట్ ఒక్కచోటుని తెరుస్తుంది, నడకలో నొప్పి తగ్గిస్తుంది. గుండెపోటు నడుస్తుండగా వేసే స్టెంట్ సంగతి పూర్తిగా వేరు, అది ప్రాణం నిలబెడుతుంది. మిగతా ప్లాకులన్నిటినీ ఒకేసారి గట్టిపరిచేది స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మందు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) డెసీలీటరుకి 39 మిల్లీగ్రాములు తగ్గితే పెద్ద ప్రమాదాలు ఐదో వంతు పైగా తగ్గుతాయి. ఒకసారి వచ్చినవాళ్లకి యూరప్ మార్గదర్శకాలు పెట్టిన గీత 55 లోపు. ల్యాబ్ కాగితం మీద '100 లోపు నార్మల్' అని ఉంటే అది వీళ్ల కోసం రాసింది కాదు.

స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతమే దిగుతుంది. చాలకపోతే ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు కలిపితే మరో 20 శాతం దాకా వస్తుంది. కండరాల నొప్పులు వస్తే ఎవరికి వారు మానెయ్యకుండా డాక్టరుతో మాట్లాడి, కండరాలు దెబ్బతింటున్నాయేమో చూపే సీకే రక్తపరీక్ష చేయించుకుని, డోసో మందో మార్పించుకోవాలి.

నిదానం

అంటే ఏ జబ్బూ లేకపోయినా 40 దాటాక రోజూ ఒక చిన్న ఆస్పిరిన్ మంచిదేనా?

మాత్రలబల్ల

కాదు. 2018లో మూడు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. గుండెపోటు ఎప్పుడూ రానివాళ్లలో కలిగిన కొద్దిపాటి మేలుని రక్తస్రావాలు మింగేశాయి, వయసు మళ్లినవాళ్లలో అసలు మేలే కనపడలేదు. ఒకసారి వచ్చినవాళ్లకి, స్టెంట్ ఉన్నవాళ్లకి మాత్రం తప్పనిసరి. ఈ రెండు గుంపులకీ మధ్య గీత చెరిపేసి సలహా ఇవ్వకండి.

పాదరసం

బీపీ గురించి ఒక్క మాట. ఇంట్లో మిషన్ ఉన్న చాలామంది తప్పుగా కొలుస్తారు. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు లేకుండా 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి, వేలాడేస్తే ఎక్కువ చూపిస్తుంది. చొక్కా మీద కట్టకండి. కఫ్ లోపలి గాలి తిత్తి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ వస్తుంది, మందులు పెరుగుతాయి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు తీసి సగటు రాసుకోండి. పొగ, కాఫీ అరగంట ముందు నుంచే వద్దు.

కొత్తమెంబర్

స్టెంట్ వేసి 4 నెలలైంది అనుకోండి. పన్ను పీకించుకోవాలంటే పంటి డాక్టరు రక్తం పలచబడే మాత్రలు వారం ఆపమంటే ఆపొచ్చా?

మాత్రలబల్ల

గుండె డాక్టర్ని అడక్కుండా ఒక్క రోజు కూడా వద్దు. గుండెపోటులో వేసిన స్టెంట్ అయితే ఆస్పిరిన్, దానితో క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలోర్, మామూలుగా 12 నెలలు. స్టెంట్ తీగల మీద కొత్త పొర కప్పకముందే మందు ఆపితే అక్కడే గడ్డ కట్టి పూర్తిగా మూసుకుపోతుంది, అలా వచ్చే గుండెపోటు చాలా పెద్దది. ఒక పన్ను పీకినచోట వచ్చే రక్తం దూది గట్టిగా అదిమి పట్టినా, ఒక కుట్టు వేసినా ఆగుతుంది, కాబట్టి సాధారణంగా రెండు మాత్రలూ వేసుకుంటూనే పీకించుకోవచ్చు. ఆ తర్వాత నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రాస్తే స్టెంట్ సంగతి చెప్పి పారాసెటమాల్ అడగండి.